చేతిలోని దండోరా

పూర్వము ఊరివారికి ఒక సంగతి తెలుపవలెనన్న దండోరా వేయించెడివారు. డప్పు మ్రోగించువాడెవడో, ఎవరి ఆజ్ఞపై మ్రోగించుచున్నాడో అందఱకును తెలియును. చాటినది కల్ల యైనచో మఱునాడు నిలువదీయుటకు మనిషి కలడు. నేడు ప్రతివారి చేతిలోను ఒక దండోరా కలదు. మ్రోత వినబడును గాని మ్రోగించినవాడు కనబడడు.

ఈ విషయమును రాజమహేంద్రవరమున తలపోయుట ఉచితము. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘వివేకవర్ధని’ పత్రికను నెలకొల్పి, లంచగొండితనమును, దురాచారములను ఎండగట్టిరి. అందువలన వారికి విరోధులు పెక్కురు ఏర్పడిరి. అయినను తాము వ్రాసినదానికి తామే పూచీపడిరి. అచ్చుమాటకు గల గౌరవము ఆ పూచీనుండియే పుట్టినది. ఫోనుపై వ్రాయు మనకు ఆ పూచీ అక్కఱలేదా?

చిన్న పీడలను ముందుగా చెప్పుకొందము. తెల్లవాఱకముందే పూలగుత్తులతో, సూర్యబింబములతో శుభోదయములు వచ్చి పడును. ఈ చిత్రముల రాశిచే భారతీయుల ఫోనులు నిండిపోవుచున్నవని గూగుల్ సంస్థవారు 2018 నాటికే గుర్తించిరి. పాఠశాల గ్రూపులో ప్రధానోపాధ్యాయులు పరీక్షవేళ మారినదని తెలిపినచో, నలువది ‘ధన్యవాదము’ల క్రింద ఆ మాట కప్పబడిపోవును. అడుగకయే ఒకరిని గ్రూపులో చేర్చుట, అర్ధరాత్రి వాదములకు దిగుట, పదిమందిలో ఫోను బిగ్గరగా మ్రోగించుట ఈ కోవలోనివే.

ఇంతకంటె నొప్పించునవి మఱికొన్ని కలవు. కోటిలింగాల రేవున పితృకర్మ జరుపుకొనువారి కన్నీటిని వారి అనుమతి లేకయే చిత్రించి పంచుట మర్యాద కాదు. రక్తబంధువులకు కబురు అందకముందే మరణవార్తను లోకమునకు చాటుట సానుభూతి యనిపించుకొనదు. తోటి విద్యార్థి తడబాటును చిత్రించి నవ్వులపాలు చేయుట వినోదమనిపించుకొనదు. ఆ నవ్వు తరగతితో ముగియదు, ఇంటివఱకును వెంబడించును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వచ్చినది వచ్చినట్లు పదుగురికి పంపు అలవాటు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో పుకారు వ్యాపించినది. తెలుగు రాష్ట్రములతో సహా పలుచోట్ల జనము అపరిచితులపై పడి కొట్టిరి. ఆ యేడు జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున అయిదుగురు సంచారజీవులు ఇట్లే హతులైరి. పంపినవారిలో పెక్కుమంది పిల్లల క్షేమము కోరియే పంపియుందురు. కాని సదుద్దేశము పోయిన ప్రాణమును తేజాలదు.

ఆనాడు గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు ఎంచుకొన్న ఉపాయము గమనింపదగినది. ఆమె గ్రామములకు పోలీసులను పంపి, జానపద గాయకుల పాటలతో, డప్పు మ్రోతతో పుకార్లను నమ్మవద్దని చాటించిరి. ముఖము లేని దండోరాకు ముఖమున్న దండోరాయే విరుగుడైనది! ఆ యేడే వాట్సాప్‌వారు మన దేశమున ఒక సందేశమును ఒక్కసారిగా అయిదింటికి మించి పంపకుండ కట్టడిచేసిరి. పెక్కు చేతులు మారిన సందేశములపై జంటబాణముల గుర్తును తరువాత చేర్చిరి. ఆ గుర్తు కనబడినచో మన వ్రేలు కొంత ఆగవలెను.

గోదావరి తీరవాసులకు ఈ జాగ్రత్త మఱింత ముఖ్యము. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది వెలువడును. 2022 జూలై వరదలో మూడవ హెచ్చరికయు దాటినది. అట్టివేళ ఏనాటిదో, ఏ నదిదో యైన దృశ్యమును నేటి గోదావరియని పంపినచో లంకవాసుల గుండెలు జారును. అట్టివి పదేపదే వచ్చినచో నిజమైన హెచ్చరికనుకూడ జనము నమ్మరు.

ఉపాధ్యాయులు వారమున కొకసారి ఒక సందేశమును నల్లబల్లపై వ్రాసి మూడు ప్రశ్నలు వేయింపవచ్చును: దీనిని మొదట చెప్పినదెవరు? ఎప్పుడు చెప్పిరి? ఆ సంగతి ఎఱుగదగిన అధికారులు చెప్పుచున్నదేమి? జవాబు దొరకనిదానిని పంపరాదు. పొరపాటున పంపినచో, పంపినచోటనే తప్పని చెప్పవలెను. విద్యార్థులు ఈ నియమమును ఇంటికి కొనిపోయినచో పెద్దలును నేర్చుకొందురు. సంతకము చేయుటకు వెనుకాడెడు మాటను ముందుకు నెట్టకుండుటయే ఇందలి సారము.