పిడుదులు – పశువుల ఆరోగ్యం: ఒంగోలు, సంకరజాతి పశువుల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

పశువు శరీరం పైభాగాన్ని ఆశ్రయించి, దాని రక్తాన్నో చర్మాన్నో ఆహారంగా చేసుకొని బతికే జీవులను బాహ్య పరాన్నజీవులు అంటారు. పేలు, జోరీగలు, గజ్జిపురుగులు, పిడుదులు ఈ కోవకు చెందినవే. వీటిలో పాడిరైతును ఆర్థికంగా ఎక్కువగా దెబ్బతీసేది పిడుదు. కొన్ని ప్రాంతాలలో దీనిని గోమారి అని కూడా వ్యవహరిస్తారు. వాడుకలో పురుగు అంటున్నప్పటికీ శాస్త్రదృష్టిలో ఇది కీటకం కాదు. ఎదిగిన పిడుదుకు ఎనిమిది కాళ్లుంటాయి కనుక సాలీడు, తేలు ఉన్న తరగతిలో దీనిని చేర్చారు. గుడ్డు నుంచి వెలువడిన పిల్లకు మాత్రం ఆరు కాళ్లే. ఆవాలకంటే చిన్నదైన ఆ పిల్ల రైతు కంటికి ఆనదు. కంటపడే నాటికి అది నిండా రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు అయి ఉంటుంది.

పిడుదు జీవితచక్రం:

పశువులపై విస్తారంగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పిడుదు పిల్లదశ నుంచి ప్రౌఢదశ వరకు ఒకే పశువు మీద గడుపుతుంది. ఇందుకు సుమారు మూడు వారాలు పడుతుంది. గడ్డిపోచల కొసల మీద వేచి ఉన్న పిల్లలు పక్కనుంచి పోయే పశువును అంటుకుంటాయి. చెవులు, గంగడోలు, పొదుగు, తోకమొదలు వంటి పలుచని చర్మం ఉన్న చోట్లు వాటికి అనువైనవి. రక్తంతో నిండిన ఆడ పిడుదు నేలపై రాలి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. పశువు మీద కనిపించేది ఆ సంతతిలో కొద్దిభాగమే. అధికభాగం నేల మీద, గడ్డిలో ఉంటుంది.

ఒక్కో ఆడ పిడుదు రాలిపోయేలోగా సుమారు అర మిల్లీలీటరు రక్తం పీలుస్తుంది. రోజుకు 50 పిడుదులు నిండి రాలిపోయే ఆవును ఊహిస్తే, అది రోజుకు 25 మిల్లీలీటర్లు, నెలకు ముప్పావు లీటరు రక్తం కోల్పోతుంది. రక్తహీనత, బరువు తగ్గడం, పాలు తగ్గడం దీని పర్యవసానాలు. దురద వల్ల పశువు సరిగా మేయదు, నెమరు వేయదు. కాటు పడిన చోట పుండ్లు ఏర్పడి, వాటిలో ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడతాయి. తోలు విలువ కూడా పడిపోతుంది. అయితే రక్తనష్టం కన్నా ప్రమాదకరమైనది పిడుదు మోసుకువచ్చే రోగం.

రోగవాహకత్వం:

అమెరికాలో దక్షిణ రాష్ట్రాల పశువులను ఉత్తరానికి తోలినప్పుడల్లా అక్కడి మందలు జ్వరంతో, ఎర్రని మూత్రంతో చనిపోయేవి. తీసుకువచ్చిన పశువులు మాత్రం ఆరోగ్యంగా కనిపించేవి. థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్‌బోర్న్ దక్షిణాది పశువుల నుంచి పిడుదులను చేతితో ఏరివేసి ఉత్తరాది పశువులతో కలిపి ఉంచారు, రోగం రాలేదు. పశువులు లేకుండా పిడుదులను మాత్రమే మేతభూమిలో వదిలారు, రోగం వచ్చింది. 1893లో వెలువడిన ఈ పరిశోధన, ఒక సూక్ష్మజీవి రోగాన్ని సంధిపాద జీవి వ్యాపింపజేస్తుందని నిరూపించిన తొలి అధ్యయనాలలో ఒకటి. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా పరాన్నజీవిని చూసింది అంతకు నాలుగేళ్ల తర్వాత, 1897లో. తెలుగు పాఠకునికి రాస్ పేరు పరిచితమే గాని, స్మిత్ పేరు అంతగా వినబడదు. పిడుదుల మీద అనుమానం పశువుల కాపరులకు శాస్త్రజ్ఞులకంటే ముందే ఉండేదన్నది కూడా గుర్తించదగిన విషయం.

దక్షిణాది పశువులు ఎందుకు చావలేదన్న ప్రశ్న నేటికీ ముఖ్యమైనదే. ఆ రోగానికి కారణమైన బబీసియా దూడవయసులో సోకితే సాధారణంగా తీవ్రంగా బాధించదు. పైగా రక్షణ మిగిలిపోతుంది. పిడుదులు లేని చోట పెరిగిన పశువు పెద్దవయసులో వాటి మధ్యకు వస్తే ఆ రక్షణ ఉండదు. వేరే ప్రాంతం నుంచి అధిక ధరకు కొని తెచ్చిన పాడి ఆవు కొద్దివారాలకే జబ్బుపడితే, ఈ కారణాన్ని తప్పక పరిశీలించాలి.

సంకరజాతి ఆవులకు మరింత ముప్పు హయలోమా పిడుదు వ్యాపింపజేసే థైలేరియా వ్యాధి. ఈ పరాన్నజీవి తెల్లరక్తకణాలలో చేరి, వాటిని కేన్సర్ కణాల మాదిరి విచ్చలవిడిగా విభజన చెందేలా చేస్తుంది. అధిక జ్వరం, భుజం ముందరి లింఫ్ గ్రంథుల వాపు, తరువాత రక్తహీనత దీని లక్షణాలు. తొలిదశలో గుర్తిస్తే బుపార్వక్వోన్ సూదిమందు పనిచేస్తుంది. ఆలస్యమైతే ఆశ తక్కువ. హైదరాబాదులో రక్షావ్యాక్-టి అనే టీకా తయారవుతున్నా, ద్రవ నత్రజనిలో నిల్వ చేయవలసి రావడం దాని వ్యాప్తికి అడ్డంకి. ఒకే ఆవు మీద ఆధారపడిన కుటుంబానికి ఈ రోగం అంటే పాల ఆదాయం, అప్పు చేసి పెట్టిన పెట్టుబడి రెండూ పోవడమే.

జాతి నిరోధకత:

ఒంగోలు వంటి మూపురపు జాతులు పిడుదులను గణనీయంగా తట్టుకుంటాయి. కాటు పడిన చోట చర్మం తీవ్రంగా ప్రతిస్పందించడం వల్లా, పశువు నాకి తొలగించుకోవడం వల్లా అధికశాతం పిల్లలు ఎదగకముందే నశిస్తాయి. ఈ గుణం వంశపారంపర్యమైనది. బ్రెజిల్‌లో నెల్లూరు ప్రాంతపు పేరుతో ‘నెలోర్’గా స్థిరపడినది ఒంగోలు సంతతే. ఉష్ణమండలపు ఎండను, పిడుదులను తట్టుకోగలగడం అక్కడ ఆ జాతి విస్తరణకు ప్రధాన కారణాలలో ఒకటి. జన్మభూమిలో మాత్రం ట్రాక్టర్ల రాకతో ఒంగోలు ఎద్దుకు పని తగ్గింది. పాల కోసం విదేశీ జాతులతో సంకరం పెరిగింది. గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని పరిరక్షిస్తున్నది. పాల దిగుబడిని మాత్రమే కొలమానంగా తీసుకున్న సంకరీకరణలో పిడుదు నిరోధకతకు తగిన విలువ దక్కలేదనే చెప్పాలి. మందుల ఖర్చునూ, పశువు చావునూ లెక్కలోకి తెస్తే ఆ దిగుబడి లాభం ఎంత మిగులుతుందన్నది పరిశోధకులు చేపట్టదగిన అంశం.

నివారణ:

డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ వంటి మందులు విరివిగా వాడుకలో ఉన్నాయి. నిర్ణీత మోతాదుకంటే పలుచగా కలిపి వాడితే తట్టుకోగల పిడుదులే మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. సూచనలు రైతు చదవగల భాషలో లేనప్పుడు ఈ పొరపాటు సహజం. శాస్త్ర విషయాలను తెలుగులో రాయవలసిన అవసరం ఇక్కడ నేరుగా పశువు ప్రాణంతో ముడిపడి ఉంది. ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పాలలోకి చేరుతాయి కనుక పాడిపశువులకు పశువైద్యుని సలహా లేకుండా వాడరాదు.

హయలోమా పిడుదులు కొట్టం గోడల పగుళ్లలో దాగుతాయి. పశువుకు మాత్రమే మందు కొట్టి గోడలను వదిలివేస్తే అవి మళ్లీ ఎక్కుతాయి. పగుళ్లు పూడ్చి, సున్నం వేయడం మందుతో సమానంగా అవసరం. చేతితో ఏరిన పిడుదులను నేల మీద పడవేయడం పల్లెల్లో కనిపించే అలవాటు. రక్తం నిండిన ఆడ పిడుదు అక్కడే గుడ్లు పెడుతుంది కనుక వాటిని కిరోసిన్‌లో వేయాలి.