గండికోట బండలు, మన ఊరి బండలు

మన పల్లెల్లో చెరువు కట్ట తెగితే గండి పడిందంటాము. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండను పెన్నానది తెంచుకొని పోయిన చోటు కూడా గండే. దాని అంచున కట్టినది గనుక గండికోట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాల యౌవనస్థులము, తల్లులము, కొందరు పెద్దలము ఒక బస్సు మాట్లాడుకొని కదిరి, పులివెందుల మీదుగా అక్కడికి వెళ్ళి వచ్చాము.

కోటలోని మసీదు, గుళ్ళు, ధాన్యపు కొట్టు త్వరగానే చూశాము. లోయ అంచుకు వచ్చేసరికి చిన్నపిల్లలు కూడా నోరు మెదపలేదు. సుమారు మూడు వందల అడుగుల లోతున నది. ఇరువైపులా ఎర్రని రాయి, పుస్తకాలు దొంతి పెట్టినట్లు వరుస మీద వరుస. మాతో వచ్చిన సైన్సు మాస్టారు ఒక బండ చూపించి, "తడిమి చూడండమ్మా" అన్నారు. ఏటి ఇసుక మీద నీరు తీసిపోయాక మిగిలే అలల గీతలే ఆ రాతి మీద ఉన్నాయి! ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రముండేదట. అందులో పేరుకొన్న ఇసుకే బిగిసి ఈ క్వార్ట్‌జైట్ రాయి అయింది. మన వంటింటి కడప బండ కూడా అటువంటి సముద్రంలో పేరుకొన్న సున్నపు బురదే.

తరువాత జరిగినది పెన్న పని. వరదలో ఇసుక, గులకరాళ్ళు అడుగును రాచాయి. నిలువు బీటల్లో నీరు దిగి బండలు ఊడిపడ్డాయి. అందుకే గోడలు నిట్టనిలువుగా నిలిచాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథమే వ్రాశాడు. పులివెందుల దగ్గర ఈ వరుసల మధ్యకు కరిగి చొచ్చుకొచ్చి గట్టిపడిన రాయి వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని ఇప్పటి లెక్క. గండికోట వరుసలు దానికి పైవి, తరువాతివి.

"అయ్యా, మరి ఆరు దినముల మాటేమిటి?" అన్నారు కుప్పం పెద్దాయన.

అందరమూ పాస్టరు అయ్యగారి వైపు చూశాము. ఆయన కోప్పడలేదు. దేవుని యెదుట సంవత్సరాల లెక్క వేరని మోషే 90వ కీర్తనలో ప్రార్థించిన సంగతి జ్ఞాపకం చేశారు. ఆ దినములు మన దినముల వంటివి కాకపోవచ్చునని అగస్టీను భక్తుడు సుమారు పదహారు వందల ఏండ్ల క్రితమే ఆలోచించాడన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు, మాలో మరికొందరూ ఒప్పుకోలేదు. అంతలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె, "ఈ పాఠం కాలేజీలో విన్నాను గానీ, ఇంట్లో చెబితే విశ్వాసం పోయిందంటారని రెండేండ్లుగా చెప్పలేదు" అంది. ఆమె తల్లి ప్రక్కనే ఉంది. ఆ మాట మమ్మల్ని లోయకన్నా ఎక్కువ కదిలించింది. మన బిడ్డలు మనకు భయపడి దాచుకొనే పరిస్థితి రానిచ్చామే!

తిరుగు ప్రయాణంలో తల్లీకూతుళ్ళు ఒకే సీట్లో కూర్చున్నారు. మాస్టారు అమెరికాలోని గ్రాండ్ కెన్యన్ సంగతి చెప్పారు. అది మైలు లోతు. దాని అట్టడుగు రాళ్ళే 170, 180 కోట్ల ఏండ్లవి. మరి మన మదనపల్లె, పుంగనూరు గుట్టల గ్రానైటు? సుమారు 250 కోట్లు! అంత దూరం పోయి వింత చూసి వచ్చాము గానీ, అంతకంటే పాతది మన ఇంటి పునాదిలోనే ఉంది.

ఈ గ్రానైటులో ఇసుకలో వలె నీరు ఇంకదు. పైన మెత్తబడిన పొరలోనూ, క్రింద బీటల్లోనూ మాత్రమే నిలుస్తుంది. అందుకే ఒక చేనిలో బోరు పారుతుంటే, ప్రక్క చేనిలో దుమ్ము లేస్తుంది. బీట తగలకుంటే ఎంత లోతు వేసినా అప్పే మిగులుతుంది. కొన్నిచోట్ల గ్రానైటును చీల్చుకొని నల్లరాయి గోడలా అడ్డంగా పోతుంది; కుప్పం వైపు దాన్నే నల్ల గ్రానైటని కోసి అమ్ముతారు. భూమిలో పారే నీటిని ఆ గోడ చాలాసార్లు ఆపుతుంది, ఎగువ ప్రక్క నీరు నిలుస్తుంది.

పెద్దాయన అప్పటిదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. "మా చేను నడుమ నల్లగుండ్ల వరుస ఒకటుంది మాస్టారూ. నాలుగు బోర్లూ దానికి దిగువనే వేశాను" అన్నారు. అయిదవ బోరుకు బండి మాట్లాడే ముందు చేను చూడటానికి రమ్మని, ఆదివారం ఆరాధన అయ్యాక భోజనం తమ ఇంట్లోనేనని మాస్టారి దగ్గర మాట తీసుకున్నారు.