పొగయు, ఆయాసమును

గ్రామములలో పర్యటించునపుడు రచ్చబండ కడ మేము తరచుగా వినుమాట యొకటి కలదు: “చుట్ట కాల్చువానికి దగ్గు రాక మానునా? వయసు మీరినచో ఆయాసము సహజమే.” ఈ మాట నమ్మియే అనేకులు రోగము ముదిరిన పిమ్మటగాని వైద్యుని చూడరు.

ఏండ్ల తరబడి పొగ పీల్చినచో ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు లోపల వాచి, కఫము ఊరి, దారి ఇరుకగును. మొదట తెల్లవారుజామున దగ్గు. తరువాత చెరువుగట్టు ఎక్కునపుడు ఆయాసము. తుదకు స్నానము చేయుటకే ఊపిరి చాలదు. ఇరుకైన దారి పూర్తిగా పూర్వస్థితికి రాదు. కాని పొగ మానినచో ఊపిరి క్షీణించు వేగము తగ్గును. అరువది యేండ్ల వయసున మానినను లాభమే. “ఇంతకాలము కాల్చితిని, ఇక మానిననేమి?” అనువారికి ఈ సంగతి తెలుపవలెను. చుట్ట, బీడీ సిగరెట్టుకంటె మేలను నమ్మకమునకు ఆధారము లేదు.

చుట్ట ముట్టని స్త్రీలకును ఈ వ్యాధి వచ్చుచున్నది. కారణము కట్టెలపొయ్యి. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల పథకములు ప్రారంభమై గ్యాసు అనేక గృహములకు చేరినది. ఐనను సిలిండరును చుట్టముల రాకకై దాచి, నిత్యము పిడకలతో వండు ఇండ్లు మేము చూచితిమి. ఖర్చునకు వెరచుట తప్పని మేమనము. కనీసము నీళ్లు కాచు పొయ్యినైనను ఆరుబయటికి మార్చవచ్చును.

పీల్చు మందు అలవాటై పోవునను భయము వట్టిది. ఆయాసము తగ్గినదని తమంతట తాము మందు మానుటయే ప్రమాదము. శక్తికొలది దినదినము నడచుట మంచిది.

2003 నాటి చట్టము ననుసరించి బహిరంగస్థలములలో పొగ త్రాగినచో 200 రూపాయల వరకు జుల్మానా కలదు. విద్యాసంస్థలకు నూరు గజములలోపల పొగాకు విక్రయింపరాదు. పంచాయతీ కార్యాలయమును బహిరంగస్థలమే. సమావేశము నడుమ చుట్ట వెలిగించు సభ్యులను మేమెరుగుదుము. వారి యెదుట గ్రామస్థులకు ఏమి చెప్పగలము?

మానిన తొలి వారములలో చిరాకు, నిద్రలేమి కలుగును. అవి క్రమముగా తగ్గును. సాయము కోరువారికి 1800-11-2356 అను ఉచిత టెలిఫోను కలదు. ఈ సంఖ్యను పంచాయతీ గోడపై వ్రాయించుటకు ఒక డబ్బా రంగు చాలును.