కుక్కకు విసిరిన కార్జం ముక్క

“మా మందలో జీవాలకు నట్టలు పడ్డాయి. దవడల కింద నీరు దిగి నీరసపడిపోతున్నాయి. వాటిని కోసుకు తింటే ఆ పురుగులు మాకూ వస్తాయా?” అని ఒక పాఠకుడు వ్రాశారు.

నేను మనుషుల డాక్టర్ని. మందకు వైద్యం పశువుల డాక్టరుగారే చెప్పాలి. జీవాల నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే సన్నని పురుగు ఒకటుంది. దవడ కింద నీరు దిగడానికి చాలాసార్లు అదే కారణం. వానలకు మొలిచిన పచ్చికతోబాటు దాని పిల్లపురుగులు లోపలికి పోతాయి. బాగా ఉడికిన మాంసం ద్వారా అది మనకు రాదు. అలాగని జబ్బుపడ్డ జీవాన్ని కోయమని నేను చెప్పను. చచ్చినదాన్ని అసలే ముట్టవద్దు. దొమ్మరోగంతో చచ్చిందైతే, కోసినవాడి ప్రాణానికే ముప్పు.

నాకు భయమల్లా మరో పురుగంటే. అది ఉండేది గొర్రెలో కాదు, మందకు కాపలా కాసే కుక్క పేగులో. పొడవు 3 నుంచి 7 మిల్లీమీటర్లు. దాని గుడ్లు కుక్క మలంతో పచ్చిక మీద పడతాయి. అది మేసిన గొర్రెకు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు లేస్తాయి. జీవాన్ని కోసిన రోజున తిత్తులున్న ముక్కను “ఇది పనికిరాదు” అని పక్కనే తోక ఊపుతున్న కుక్కకు విసురుతాం. దాంతో కుక్కకు మళ్ళీ పురుగులు!

తిత్తి ఉన్న మాంసం తిన్నందువల్ల మనిషికి ఈ జబ్బు రాదు. కుక్కను నిమిరిన చేత్తోనే అన్నం తిన్నా, కడగని ఆకుకూర తిన్నా గుడ్లు కడుపులోకి పోతాయి. అప్పుడు మన కార్జంలోనూ అదే తిత్తి పెరుగుతుంది. దీన్ని హైడాటిడ్ వ్యాధి అంటారు. ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతంగా మన కర్నూలు పేరు వైద్య గ్రంథాలకెక్కింది. గొప్ప చెప్పుకోవలసిన సంగతేమీ కాదు.

తిత్తి ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కాపరి భార్య కుడి డొక్కలో బరువుగా ఉంటే గ్యాసనుకొని రెండేళ్ళు సోడాలు తాగింది. ఆపైన ఎవరిచేతనో పొట్ట తోమించుకుంది. స్కానింగు తీస్తే కొబ్బరికాయంత తిత్తి! ఆ తోమడంలో అది పగిలి ఉంటే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక ప్రాణం పోయేది. ఆపరేషనుతో బతికింది. కొందరికి ఆల్బెండజోల్ మాత్రలు చాలు. కాని అవి నెలల తరబడి, డాక్టరు పర్యవేక్షణలో వాడాలి. బడిలో పిల్లలకు ఇచ్చే ఒక్క మాత్రతో అయ్యే పని కాదు.

ఐస్‌లాండ్ దేశంలో ఒకప్పుడు ఈ వ్యాధి ఇంటింటా ఉండేది. 1864లో ఈ సంగతులన్నీ చిన్న పుస్తకంగా అచ్చువేసి ఊరూరా ఉచితంగా పంచారు. కుక్కలకు ఆ ముక్కలు వేయడం మాన్పించారు. కాలక్రమాన ఆ దేశంలో వ్యాధి పోయింది.

తిత్తులున్న కార్జాన్ని కాల్చండి. లేదా కుక్క తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. జీవాలకు నట్టల మందు తాపించే రోజున కుక్కనూ పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దానికి ప్రాజిక్వాంటెల్ అనే వేరే మందు ఉంది, అడగండి.