క్యాడ్ నమూనా – అచ్చు నియమాలు: ప్లాస్టిక్ భాగాల రూపకల్పన

ప్రవేశిక:
కంప్యూటర్ తెరపై దాదాపు ఏ ఆకృతినైనా గీయవచ్చు. ఉక్కు అచ్చు మాత్రం అన్ని ఆకృతులనూ అంగీకరించదు. ఇంజెక్షన్ మోల్డింగులో కరిగిన ప్లాస్టిక్ అధిక పీడనంతో అచ్చులో నిండి, చల్లబడి గట్టిపడుతుంది. అచ్చు తెరుచుకున్నప్పుడు భాగం బయటకు వస్తుంది. చల్లబడడం, విడిపోవడం అనే దశలు క్యాడ్ నమూనాను ఏ విధంగా శాసిస్తాయో, అందరికీ తెలిసిన ప్లాస్టిక్ బకెట్ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. గోడ మందం:
బకెట్ దృఢంగా ఉండాలంటే గోడను మందంగా చేయాలన్న ఆలోచన సహజం. అయితే చల్లబడే కాలం దాదాపుగా మందం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 2 మి.మీ. గోడను 4 మి.మీ. చేస్తే ఆ కాలం సుమారు నాలుగు రెట్లవుతుంది. మందం అంతటా సమానంగా లేకపోతే, మందమైన చోటు ఆలస్యంగా చల్లబడి ఎక్కువగా కుంచించుకుపోతుంది. ఫలితంగా ఉపరితలంపై గుంటలు పడతాయి, లేదా భాగం వంకరపోతుంది. అందువల్ల దృఢత్వాన్ని మందంతో గాక ఆకృతితో సాధించాలి. బకెట్ నోటి అంచు వెలుపలికి మడిచినట్లు ఉండడానికి ఇదొక కారణం. రిబ్బులు చేర్చినప్పుడు వాటి మందం గోడ మందంలో 50–60 శాతానికి మించకపోవడం మంచిది.

2. డ్రాఫ్ట్ కోణం:
బకెట్ అడుగున సన్నగా, నోటివద్ద వెడల్పుగా ఉండడం ఒకదానిలో ఒకటి పేర్చడానికి మాత్రమే కాదు. చల్లబడుతున్న ప్లాస్టిక్ కుంచించుకుపోతూ లోపలి ఉక్కు భాగాన్ని బిగించి పట్టుకుంటుంది. గోడకు సాధారణంగా 1–2 డిగ్రీల వాలు ఇస్తే ఆ పట్టు సులభంగా వీడుతుంది. గరుకు ఉపరితలానికి మరింత వాలు అవసరం. అచ్చు తెరుచుకునే దిశకు అడ్డంగా రంధ్రం పెడితే, చాలా సందర్భాలలో పక్కకు జరిగే అదనపు అచ్చుభాగం కావాలి. అచ్చు ఖర్చు పెరుగుతుంది.

3. క్యాడ్‌లో పని క్రమం:
ముందుగా ఘనాకృతి, ఆపై డ్రాఫ్ట్, తరువాత మూలల గుండ్రన, అటుపై షెల్, చివరగా రిబ్బులు అనే క్రమం బకెట్ వంటి భాగాలకు అనుకూలం. షెల్ ముందే చేసి వెలుపలి గోడకు మాత్రమే డ్రాఫ్ట్ ఇస్తే మందం పైనుంచి కిందికి మారిపోతుంది. సంకోచాన్ని మాత్రం భాగం నమూనాలో గాక అచ్చు నమూనాలో లెక్కించాలి. 1.5 శాతం సంకోచించే పాలీప్రొపిలీన్‌తో 200 మి.మీ. కొలత రావాలంటే అచ్చులో సుమారు 203 మి.మీ. ఉండాలి.

ముగింపు:
తెరపై కొలత మార్చడం క్షణాల పని. ఉక్కు చెక్కిన తరువాత భాగం గోడను మందం చేయాలంటే మరికొంత ఉక్కును తొలగిస్తే సరిపోతుంది. పలుచన చేయాలంటే పోయిన ఉక్కును వెల్డింగుతో నింపవలసి వస్తుంది. కాబట్టి బోధనలో కమాండ్ల కంటే ముందు ఒక ప్రశ్నకు చోటివ్వాలి: ఈ అచ్చు ఏ దిశలో తెరుచుకుంటుంది? ఆ జవాబు తెలిసిన విద్యార్థికి డ్రాఫ్ట్ కమాండ్ ఎందుకుందో వేరుగా చెప్పవలసిన అవసరం ఉండదు.