కౌన్సెలర్ గోడు వినేదెవరు?

గుడి కూల్చడానికొచ్చిన ఔరంగజేబుకు 'కర్ మన్ ఘట్', అంటే ముందు మనసు గట్టి చేసుకో అని వినిపించిందట. మా కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి గురించి చెప్పుకునే కథ ఇది. ఇక్కడే కౌన్సెలింగ్ చేసే నాకు మాత్రం మనసు గట్టిదైతే చాలదనిపిస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కొచ్చిన కుర్రాడు "మేడమ్, బతకాలని లేదు, ఇంట్లో చెప్పొద్దు" అంటే ఏం చేయాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రహస్యం కాపాడమంటుంది. ప్రాణాపాయముంటే అవసరమైనంత మేరకు చెప్పొచ్చనీ అంటుంది. ఆ 'అవసరం' ఎంతో ఒక్కదాన్నే తేల్చుకోలేను. అందుకే పేరు చెప్పకుండా కేసును సూపర్‌వైజర్ ముందు పెడతాను. అనుభవమున్న ఆవిడ అడిగే ప్రశ్నలు నాకు తట్టనివి.

క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంది. రెండేళ్ల ఎంఫిల్‌లో సీనియర్ల పర్యవేక్షణలోనే కేసులు చూస్తారు. కౌన్సెలర్లను 2021 చట్టం అనుబంధ ఆరోగ్య వృత్తుల్లో చేర్చింది. అయినా బోర్డు కట్టినవాళ్లందరి శిక్షణా ఒకటి కాదు.

కాబట్టి మొహమాటపడకండి. ఫీజు ఎంతని అడిగినట్టే, "మీ కేసులు ఎవరితో చర్చిస్తారు?" అనీ అడగండి. మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు. అర్ధరాత్రి ఆపదైతే టెలిమానస్ 14416 ఉంది.