తోక కత్తిరించిన చేప

మధ్యధరా సముద్రం మాకు పటంలో నీలిరంగుగానే తెలుసు. అక్కడ ఫ్రాన్సు తీరంలో సెలవులకు వచ్చినవాళ్ళు రాళ్ళమీద కూర్చుని సరదాకి గాలం వేస్తారు. ఎర సముద్రపు పురుగు. మన పండుగప్పను పోలిన సీబాస్ పడితే పండుగే! అయితే 30 సెంటీమీటర్లకు తక్కువుంటే తిరిగి వదిలేయాలి.

ఉంచుకునే చేపకు మాత్రం వెంటనే తోక కింది భాగం కత్తిరించాలి. 2011 నాటి ఉత్తర్వు అది. ఎందుకంటే సరదాకి పట్టినది అమ్మకూడదు. తెగిన తోకతో బజారుకొస్తే ఇట్టే దొరికిపోతుంది. పడవకూ, డీజిలుకూ ఖర్చుపెట్టి వేటకెళ్ళినవాడి చేప పక్కన, ఖర్చులేని చేప సగం ధరకు అమ్మితే వాడి ఇల్లు గడిచేదెలా? మాలో జాలరి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఇది వినగానే తలూపారు. మిగతావాళ్ళం తోక గురించి నవ్వుకున్నాం, ముందు.